రౌండప్ కలుపు మందు, లింఫోమా: టెక్సాస్‌లో ఉన్నవాళ్లు కేసు వేయాలంటే ముందు ఏం చూసుకోవాలి?

కిరణ్_ఫ్రిస్కో

అందరికీ నమస్కారం. మా బావగారి గురించి అడుగుతున్నాను. డల్లాస్‌కి ఉత్తరాన ఎకరంన్నర స్థలంలో వాళ్లిల్లు. 2010 నుంచి 2021 దాకా కంచె వెంబడి, డ్రైవ్‌వే పగుళ్లలో, షెడ్డు చుట్టూ ఆయనే రౌండప్ కొట్టేవారు. మార్చి నుంచి అక్టోబరు దాకా నెలకు రెండుసార్లు, రెండు గ్యాలన్ల చేతి పంపుతో. షార్ట్స్, చెప్పులు; గ్లవ్స్ లేవు. 2024 సెప్టెంబరులో డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా (ఒక రకం నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా, రక్త క్యాన్సర్) అని బయాప్సీలో తేలింది. అప్పటికి 54 ఏళ్లు. ఆర్-చాప్ అనే కీమో ఆరు సైకిళ్లు అయ్యాయి, ఇప్పుడు రెమిషన్ (జబ్బు ఆనవాళ్లు లేవు).

టీవీ ప్రకటనలోని నంబరుకి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో "మీరు క్వాలిఫై అయ్యారు, ఈ-సైన్ చేసేయండి" అన్నారు. అక్కడే అనుమానం వచ్చింది. ఇది క్లాస్ యాక్షనా (అందరికీ కలిపి ఒకే కేసు), విడి కేసా? గడువెంత? ఏ కాగితాలు కావాలి? ఆయనది గ్రీన్ కార్డ్, అదేమైనా అడ్డమా? చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో సొంత పొలంలో పురుగు మందులు కూడా చల్లారు, అది చెప్పాలా? ఇంకొకటి, ఊళ్లో మా పెదనాన్న కూడా గ్లైఫోసేట్ (రౌండప్‌లో ఉండే అసలు మందు) వాడారు, ఆయనకీ లింఫోమానే. ఆయన ఇక్కడి కేసులో చేరవచ్చా?

దివాకర్_సెయింట్‌లూయిస్

కిరణ్ గారూ, ముందు గడువు సంగతి చూడండి. టెక్సాస్‌లో వ్యక్తిగత హాని దావాకు రెండేళ్లు. బయాప్సీ రిపోర్టు 2024 సెప్టెంబరుదైతే 2026 సెప్టెంబరులో ఆ తేదీ లోపు దావా కోర్టులో పడాలి. లాయరుతో ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజుకీ దీనికీ సంబంధం లేదు. "సైన్ చేశాం కదా" అని ఊరుకుంటే, ఆ ఆఫీసు వాళ్లు రికార్డులు తెప్పించుకుంటూ కూర్చుని గడువు దాటించేసిన సందర్భాలు ఇలాంటి కేసుల్లో ఉంటాయి. సంబంధం ఉందని తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టమని అడిగే డిస్కవరీ రూల్ ఒకటుంది గానీ, 2018 నుంచి టీవీల్లో మోగుతున్న విషయం 2024లో జబ్బు తేలిన మనిషికి తెలియదంటే జడ్జి నమ్మడం కష్టం. మిగతావాళ్ల కోసం: కాలిఫోర్నియా, న్యూజెర్సీ రెండేళ్లు, న్యూయార్క్ మూడు.

చాలామంది పొరపడేది మిస్సోరీ దగ్గర. రౌండప్ తయారుచేసే మోన్‌శాంటో కంపెనీ కేంద్రం సెయింట్ లూయిస్ కాబట్టి లా ఫర్ములు ఇక్కడి రాష్ట్ర కోర్టులో వేయడానికి ఇష్టపడతాయి. సొంత రాష్ట్రంలో దావా పడితే, ఇద్దరూ వేర్వేరు రాష్ట్రాల వాళ్లమన్న కారణంతో కంపెనీ దాన్ని ఫెడరల్ కోర్టుకు లాక్కుపోలేదు. అంతవరకు లాభమే. అయితే మిస్సోరీ గడువు వర్తిస్తుందిలే అని ఆగితే మునుగుతారు. హాని జరిగిన రాష్ట్రంలో గడువు దాటితే ఇక్కడా దాటినట్టేనని మిస్సోరీ చట్టంలోనే ఉంది. బావగారికి టెక్సాస్ రెండేళ్లే లెక్క.

క్లాస్ యాక్షనా అన్నదానికి రెండు జవాబులున్నాయి. ఫెడరల్ కోర్టుల్లో పడ్డ కేసులు 2016 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి విన్స్ ఛాబ్రియా దగ్గర ఎండీఎల్ (మల్టీ డిస్ట్రిక్ట్ లిటిగేషన్) 2741 కింద ఉన్నాయి. ఎండీఎల్‌లో కేసు ఎవరిది వారిదే. నిపుణుల సాక్ష్యం, కంపెనీ పత్రాలు లాంటి ఉమ్మడి భాగం ఒకచోట నడుస్తుంది, అంతే. ఇక రెండోది, 2026 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్ నగర కోర్టులో కంపెనీ, కొందరు లాయర్లు కలిసి పెట్టిన సెటిల్‌మెంట్. ఇది మాత్రం నిజమైన క్లాస్. మొత్తం 725 కోట్ల డాలర్ల వరకు, 21 ఏళ్ల దాకా విడతలుగా. ఏమీ చేయకుండా ఊరుకున్న మనిషి లోపల ఉన్నట్టే లెక్క, బయటికి రావాలంటే నోటీసులో ఉన్న తేదీ లోపు రాతపూర్వకంగా ఆప్ట్-అవుట్ పంపాలి. లోపల ఉండిపోతే విడి దావా హక్కు పోతుంది. అందుకే బావగారి విషయంలో సెప్టెంబరు గడువు కన్నా ఆప్ట్-అవుట్ తేదీయే ముందు ముంచుకొస్తుంది. సెటిల్‌మెంట్ అధికారిక వెబ్‌సైట్లో నోటీసు దించుకుని ఆ తేదీ ఇవాళే చూసుకోండి.

క్లాస్‌లో ఎంతొస్తుందో ఒక పట్టిక నిర్ణయిస్తుంది. ఉద్యోగరీత్యా కొట్టారా ఇంటి దగ్గర కొట్టారా, జబ్బు తేలినప్పటి వయసు, లింఫోమా దూకుడు రకమా నెమ్మది రకమా అన్నవి చూస్తారు. బావగారిది ఇంటి వాడకం, అది కిందికి లాగుతుంది. 60 లోపు వయసు, డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ దూకుడు రకం కావడం, ఈ రెండూ పైకి లాగుతాయి. లాయరుని "ఎంతొస్తుంది" అని కాకుండా "పట్టికలో మాది ఏ గడి, విడిగా వెళ్తే మీరే కోర్టులో వేస్తారు, ఎప్పటికి ట్రయల్‌కి వస్తుంది" అని అడగండి. దీనికి సూటిగా బదులివ్వని చోట సంతకం పెట్టకండి.

ప్రకటనల్లో ఊదరగొట్టే అంకెల సంగతి. డివేన్ జాన్సన్ కేసులో 2018లో జ్యూరీ ఇచ్చింది 28.9 కోట్ల డాలర్లు. ఆ ట్రయల్ నడిపిన జడ్జి 7.85 కోట్లకు, అప్పీలు కోర్టు 2020లో 2.05 కోట్లకు తగ్గించాయి. హార్డ్‌మన్‌కి 2019లో 8 కోట్లు, మిగిలింది రెండున్నర. పిలియోడ్ దంపతులకు 205 కోట్లు, మిగిలింది 8.7. ఈ అంకెల్లో సింహభాగం కంపెనీని శిక్షించడానికి వేసే ప్యూనిటివ్ సొమ్ము. అసలు నష్టానికి అది పది రెట్లు మించడం రాజ్యాంగబద్ధం కాదన్న ధోరణి 2003 నుంచి సుప్రీంకోర్టుది, టెక్సాస్ చట్టమైతే ఇంకా బిగించి పరిమితి పెట్టింది. 2021 అక్టోబరులో లాస్ ఏంజెలిస్‌లో, డిసెంబరులో శాన్ బెర్నార్డినోలో జ్యూరీలు కంపెనీ పక్షానే తీర్పిచ్చాయి. ఆ తర్వాత కూడా కంపెనీ గెలిచినవి తక్కువేం లేవు, ప్రకటనల్లో అవి కనిపించవు, అంతే.

సుప్రీంకోర్టులో ఉన్న పేచీ లేబుల్ గురించి. ఫెడరల్ పురుగుమందుల చట్టం ప్రకారం లేబుల్‌ని ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ) ఆమోదిస్తుంది. ఆ చట్టం కోరినదానికి అదనంగా గానీ భిన్నంగా గానీ రాష్ట్రాలు లేబుల్ నిబంధన పెట్టకూడదు. "క్యాన్సర్ హెచ్చరిక పెట్టలేదు" అనే దావా అలాంటి అదనపు నిబంధనేనని కంపెనీ వాదన. 2005లో బేట్స్ కేసులో సుప్రీంకోర్టు ఫిర్యాదిదారులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. హార్డ్‌మన్ అప్పీలులో తొమ్మిదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు కోర్టు) 2021లో ఫిర్యాదిదారు వైపు, షాఫ్నర్ కేసులో మూడో సర్క్యూట్ 2024లో కంపెనీ వైపు తీర్పిచ్చాయి. ఈ చీలిక తేల్చడానికి మిస్సోరీలో 12.5 లక్షల డాలర్ల తీర్పు వచ్చిన డర్నెల్ కేసుని సుప్రీంకోర్టు 2026 జనవరిలో స్వీకరించింది. కంపెనీ గెలిస్తే హెచ్చరిక లేదన్న వాదన చాలావరకు కూలుతుంది. క్లాస్‌లో ఉండాలా వద్దా అన్న నిర్ణయంలో అసలు జూదం ఇదే. ఇవి కాక, ఈపీఏ ఆమోదించిన లేబుల్ ఉంటే చాలినంత హెచ్చరిక ఇచ్చినట్టేనని 2025లో నార్త్ డకోటా, జార్జియా చట్టాలు చేశాయి.

శైలజ_ఎపిడ్

దివాకర్ గారు కోర్టు సంగతి చెప్పారు. సైన్సు వైపు కోర్టు రెండు ప్రశ్నలడుగుతుంది. ఈ మందువల్ల ఈ జబ్బు రాగలదా? రాగలిగితే, ఈ మనిషికి దానివల్లే వచ్చిందా? మొదటిదానికి ఉమ్మడి నిపుణులుంటారు. రెండోదే బావగారి సొంత భారం, కేసులు ఎక్కువగా నీరుగారేది కూడా అక్కడే.

మొదటి ప్రశ్న మీద రెండు వైపులా సరుకుంది, ఎవరూ ఏకపక్షంగా చెబితే నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ 2015 మార్చిలో గ్లైఫోసేట్‌ని 2ఏ వర్గంలో (బహుశా క్యాన్సర్ కలిగించేది) పెట్టింది: మనుషుల్లో ఆధారాలు పరిమితం, జంతువుల్లో చాలినంత. ఈపీఏ "క్యాన్సర్ కలిగించే అవకాశం లేదు" అని 2020లో మధ్యంతర నిర్ణయం ఇచ్చింది. 2022 జూన్‌లో తొమ్మిదో సర్క్యూట్ అందులో మానవ ఆరోగ్య భాగాన్ని కొట్టేసింది, సెప్టెంబరులో ఈపీఏ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అయోవా, నార్త్ కరోలినాల్లో 54,251 మంది మందు కొట్టేవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2018లో లింఫోమాతో సంబంధం కనబడలేదంది. 2019లో వచ్చిన మెటా విశ్లేషణ (పాత అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టేది) అందరికన్నా ఎక్కువ వాడినవాళ్లలో ముప్పు 41 శాతం ఎక్కువంది. గ్లైఫోసేట్ సురక్షితమని దశాబ్దాలుగా ఉటంకిస్తూ వచ్చిన 2000 నాటి సమీక్షా వ్యాసాన్ని, రాతలో కంపెనీ చెయ్యి ఉందన్న కారణం కూడా చూపుతూ ఆ జర్నల్ 2025 చివర్లో ఉపసంహరించింది.

మీకు పనికొచ్చే అంకెలు ఇంకో రెండున్నాయి. స్వీడన్ అధ్యయనం (2008) జీవితకాలంలో 10 రోజులు దాటి వాడినవాళ్లలో ముప్పు రెట్టింపు పైగా చూపింది. కెనడా అధ్యయనం (2001) ఏడాదికి 2 రోజులు దాటినవాళ్లలో. అందుకే ఫిర్యాది తరఫు నిపుణులు వాడిన రోజులు లెక్కపెడతారు. బావగారికి ఏడాదికి 16 రోజులు, పన్నెండు సీజన్లు: 192 రోజులు. ఆ గీతలు సునాయాసంగా దాటింది.

అవతలి లాయరు మాత్రం ఆ లెక్కని సీసాల్లోకి మారుస్తాడు. రోజుకి ఒక పంపు, అంటే 2 గ్యాలన్లు. మొత్తం 384 గ్యాలన్ల ద్రావణం. 50.2 శాతం కాన్సన్‌ట్రేట్ గ్యాలన్‌కి రెండున్నర ఔన్సులు కలిపితే 960 ఔన్సులు, అరగ్యాలన్ సీసాలు 15. "పన్నెండేళ్లలో పదిహేను సీసాలు కొన్నట్టు చూపండి, ఏ కొట్లో?" అని డిపోజిషన్‌లో (ట్రయల్‌కి ముందు ప్రమాణం మీద తీసుకునే వాంగ్మూలం) అడుగుతారు. హోమ్ డిపో, లోస్, కాస్ట్‌కో ఖాతాల్లో ఆర్డర్ చరిత్ర, పాత క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు ఇప్పుడే దించుకోండి. అన్నీ దొరకవు, ఫరవాలేదు. దొరికినవాటికీ, చెప్పే రోజులకీ పొంతన ఉంటే చాలు. పదిహేను సీసాల లెక్కకి మూడు రసీదులు దొరికి, నోటితో "వారానికి రెండుసార్లు" అని పెంచి చెప్తే కేసు అక్కడే పోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట: సీసా మీద రౌండప్ అని ఉన్నంత మాత్రాన లోపల గ్లైఫోసేట్ ఉన్నట్టు కాదు. "రౌండప్ ఫర్ లాన్స్" అనేది గడ్డిని వదిలేసి వెడల్పాకు కలుపుని చంపే మందు. అందులో గ్లైఫోసేట్ లేదు. ఇళ్లకు అమ్మే రౌండప్‌లో 2023 నుంచి గ్లైఫోసేట్ తీసేసే పని మొదలైంది. కొత్త సీసాల్లో ట్రైక్లోపిర్, ఫ్లుయాజిఫాప్, డైక్వాట్ లాంటివి ఉంటాయి. షెడ్డులో పాత సీసా ఉంటే కడగకండి, పారేయకండి. లేబుల్ మీది ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు, లాట్ నంబరు కనబడేలా ఫొటోలు తీసి, మూత బిగించి, పిల్లలకి అందకుండా పెట్టండి. పంపు కూడా ఉంచండి. దాని వాషర్ కారుతూ ఉండేదైతే చేతికి తగిలిన మోతాదు గురించి అదే చెబుతుంది.

కిరణ్_ఫ్రిస్కో

శైలజ గారూ, చాలా థాంక్స్. ఇంటి ముందు గడ్డి మీద కొట్టింది "ఫర్ లాన్స్" అనే అక్క అంటోంది. కంచె దగ్గర మాత్రం కాన్సన్‌ట్రేట్. అప్పుడు 16 రోజులూ లెక్కకొస్తాయా?

శైలజ_ఎపిడ్

రావు. ఏ రోజు ఏది కొట్టారో విడదీయాలి. కంచె, డ్రైవ్‌వే, షెడ్డు మాత్రమే లెక్కపెట్టి, స్థలం మ్యాపు ప్రింట్ తీసి దాని మీద కొట్టిన చోట్లు గీసుకోమనండి. రోజులు సగానికి పడిపోయినా 96 ఉంటాయి, ఇబ్బంది లేదు. కలిపి చెప్పి తర్వాత దొరికిపోతేనే ఇబ్బంది.

"ఈ మనిషికి దానివల్లే వచ్చిందా" అన్నదానికి నిపుణుడు మిగతా కారణాలు ఒక్కొక్కటే కొట్టేస్తూ వస్తాడు: హెపటైటిస్ సీ, హెచ్ఐవీ, అవయవ మార్పిడి తర్వాతి మందులు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, కుటుంబ చరిత్ర. హార్డ్‌మన్‌కి హెపటైటిస్ సీ ఉండేది, ట్రయల్లో కంపెనీ దాన్నే పట్టుకుంది. కీమోకి ముందు చేసిన హెపటైటిస్ బీ, సీ పరీక్షల ఫలితాలు బావగారి ఫైల్లో ఉండి తీరతాయి, తెప్పించండి. మీ పెదనాన్నగారి లింఫోమా కూడా కుటుంబ చరిత్ర కింద వాళ్లే ఎత్తుతారు. ఆయన బావగారికి రక్తసంబంధీకుడు కాదు కదా, అది మొదటే స్పష్టం చేయండి.

వెంకట్_నరసరావుపేట

ఊరి పొలం ప్రశ్నకి. చెప్పాలి, దాచకూడదు. ప్లెయింటిఫ్ ఫ్యాక్ట్ షీట్‌లో (దావా వేసినవాళ్లు నింపే ప్రశ్నావళి) జీవితకాలంలో వాడిన పురుగు మందులన్నీ అడుగుతారు, జవాబులు ప్రమాణం మీద ఇవ్వాలి. 1970లో పుట్టిన గుంటూరు జిల్లా రైతు కుటుంబం వాడు ఎనభైల్లో చల్లింది ఏమై ఉంటుందో ఊహించడం పెద్ద పని కాదు. బీహెచ్‌సీ అనే పురుగు మందు పొడి అప్పట్లో ప్రతి ఇంట్లో బస్తా ఉండేది. అందులో ఉండే లిండేన్‌ని ఐఏఆర్‌సీ 2015లో గ్రూప్ 1లో (క్యాన్సర్ కలిగిస్తుందని తేలినవి) పెట్టింది, అదీ సరిగ్గా నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాకే. గ్లైఫోసేట్ కన్నా పై వర్గం. మలాథియాన్ కూడా 2ఏ. కంపెనీ నిపుణుడికి ఇది విందుభోజనమే. మన పక్షం జవాబు: ఎన్ని సీజన్లు, చేత్తో చల్లారా గట్టున నిలబడ్డారా, ఆపి ఎన్నేళ్లయింది అన్నవి నిక్కచ్చిగా రాసిపెట్టడం. సెలవుల్లో రెండు మూడు సీజన్లు గట్టు మీద నిలబడటానికీ, పన్నెండేళ్లు స్వయంగా కొట్టడానికీ తేడా ఉంది. కాకపోతే ఆ తేడా వాళ్లు తవ్వి తీయకముందే మన కాగితంలో ఉండాలి.

పెదనాన్నగారు అమెరికా కేసులో చేరలేరు. మందు కొన్నది, కొట్టింది, జబ్బు పడ్డది అంతా ఇక్కడే. భోపాల్ బాధితుల దావాల్ని న్యూయార్క్ ఫెడరల్ జడ్జి జాన్ కీనన్ 1986లో "భారత కోర్టులే సరైన చోటు" అని పంపేశారు. అంతటి కేసుకే ఆ గతి పట్టింది.

ఇక్కడ దారి వినియోగదారుల రక్షణ చట్టం 2019, ఆరో అధ్యాయం, ఉత్పత్తి బాధ్యత. సరైన హెచ్చరిక లేకపోవడం కూడా అందులో ఒక కారణమే. రైతు వినియోగదారుడు కాదన్న వాదనని సుప్రీంకోర్టు 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో తోసిపుచ్చింది, అది మన ఆంధ్ర రైతుల కేసే. గడువు రెండేళ్లు, తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది. ఏ కమిషన్ అన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సరుక్కి చెల్లించిన ధరని బట్టి. కాబట్టి కలుపు మందు కేసు జిల్లా కమిషన్‌కే వెళ్తుంది.

ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోకండి. గ్లైఫోసేట్‌కి ఇక్కడ అనుమతి తేయాకు తోటలకీ, పంట లేని స్థలాలకీ మాత్రమే. పత్తిలో కొట్టి ఉంటే "లేబుల్‌కి విరుద్ధంగా వాడారు" అన్నది కంపెనీ మొదటి మాట. కలుపు మందు తట్టుకునే దొంగ పత్తి విత్తనం కారణంగా 2018లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ తర్వాత కొన్నదైతే షాపువాడు బిల్లు ఇచ్చి ఉండడు. బిల్లు లేని చోట ఏ కంపెనీ డబ్బానో రుజువు చేయడమే గగనం, ఎందుకంటే మార్కెట్‌లో గ్లైఫోసేట్ అమ్మేవి పదుల కంపెనీలు.

దివాకర్_సెయింట్‌లూయిస్

గ్రీన్ కార్డ్, హెచ్1బీ, ఏదీ అడ్డం కాదు. దావాకి పౌరసత్వంతో పని లేదు. మధ్యలో ఇండియా వెళ్లిపోయినా కేసు ఆగదు.

డబ్బు సంగతి సంతకానికి ముందే తేల్చుకోవాలి. ఫీజు మామూలుగా 33 నుంచి 40 శాతం. ఒప్పందంలో చూడాల్సిన వాక్యం ఖర్చులు ఫీజుకి ముందు తీస్తారా తర్వాతా అన్నది. లక్ష డాలర్లు వచ్చి, 8 వేలు ఖర్చయి, ఫీజు 40 శాతం అనుకోండి. ఖర్చులు ముందు తీస్తే చేతికి 55,200, తర్వాత తీస్తే 52,000. ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లొస్తారు. మనవాళ్లలో ఐటీ ఉద్యోగులకి పెద్ద కంపెనీల సెల్ఫ్-ఫండెడ్ ప్లాన్లు (వైద్య ఖర్చు కంపెనీయే సొంతంగా భరించేవి) ఎక్కువ. కీమోకి కట్టిన సొమ్ము సెటిల్‌మెంట్‌లోంచి తిరిగి అడిగే హక్కు వాటికి గట్టిగా ఉంటుంది, రాష్ట్ర చట్టాలు అడ్డుకోలేవు. హెచ్ఆర్ నుంచి ప్లాన్ డాక్యుమెంట్ తెప్పించి రీయింబర్స్‌మెంట్ పేజీ లాయరుకి చూపండి, బేరమాడితే తగ్గిస్తారు. శరీర హానికి వచ్చిన పరిహారం మీద ఫెడరల్ పన్ను లేదు. ప్యూనిటివ్ మీద ఉంది. వైద్య ఖర్చుల్ని పాత రిటర్న్‌లో మినహాయింపుగా చూపి ఉంటే ఆ మేరకు పన్ను పడుతుంది.

రెండు నిమిషాల్లో క్వాలిఫై చేసిన ఆ నంబరు బహుశా కేసులు పోగుచేసి ఇంకో ఫర్ముకి అప్పగించేది. అందులో తప్పు లేదు, కానీ టెక్సాస్‌లో ఫీజు పంచుకోవాలంటే క్లయింటు రాతపూర్వక సమ్మతి ఉండాలి. కోర్టులో కాగితం మీద సంతకం పెట్టే లాయరు పేరు, బార్ నంబరు అడగండి.

ఇంకో మాట. ఇలాంటి థ్రెడ్లు, వాట్సాప్ గ్రూపులు కూడా డిస్కవరీలో, అంటే ట్రయల్‌కి ముందు ఇరుపక్షాలూ ఆధారాలు ఇచ్చిపుచ్చుకునే దశలో, అవతలివాళ్లు అడగొచ్చు. బావగారి పేరు, ఆసుపత్రి పేరు ఇక్కడ రాయలేదు, మంచిది, అలాగే ఉంచండి.

శైలజ_ఎపిడ్

పాథాలజీ గురించి ఇందాక వదిలేశాను. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బయాప్సీ ముక్క ఉన్న పారఫిన్ (మైనం) బ్లాక్ ల్యాబ్‌లోనే ఉండాలి. అమెరికా ల్యాబ్‌లు మామూలుగా 10 ఏళ్లు దాస్తాయి, కానీ ల్యాబ్‌లు చేతులు మారినప్పుడు గల్లంతవుతుంటాయి. బ్లాక్ నష్టం కాకుండా ఉంచమని లాయరు చేత ల్యాబ్‌కి ఉత్తరం పంపించండి. బ్లాకుని మీరు తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోకండి, అది ఎవరి చేతుల్లో ఉందన్న వరుస తెగితే పనికిరాదంటారు. రిపోర్టులో "నాన్-హాడ్జ్‌కిన్" రకం స్పష్టంగా ఉందో లేదో చూడండి. హాడ్జ్‌కిన్ లింఫోమా వీటి కిందికి రాదు. బావగారిది వస్తుంది.